పశువుకూ ఒక వంశపత్రం
(సభ్యులకు పాఠం)

పాడి గేదెను కొనబోయినపుడు మనం అడిగే మొదటి ప్రశ్న "పూటకు ఎన్ని పాలు?" అని. రెండవది "ఎన్నో ఈత?" అని. మూడవ ప్రశ్న ఒకటున్నది, దానిని నూటికి తొంభై మంది అడగరు. "దీని తల్లి ఏ మాత్రం పాలిచ్చేది, తండ్రి ఏది?" అని. అడిగినా అమ్మేవాని దగ్గర జవాబుండదు. ఉన్నా అది నోటిమాటే గాని కాగితం మీద ఉండదు. ఈ మూడవ ప్రశ్నకు కాగితం మీద జవాబున్న పశువునే రిజిస్టరు పశువు అంటారు. ఈ నెల పాఠం దాని గురించి.

కోనసీమలో పాడి అంటే కొబ్బరితోట నీడలో రెండు మూడు గేదెలు, అక్కడక్కడ ఒక ఆవు. అమలాపురం పక్కనున్న బండారులంకను తీసుకోండి. నేతకు పేరుపడిన ఊరు. మగ్గం ఉన్న ఇంట్లోనూ, అరెకరం తోట ఉన్న ఇంట్లోనూ పాడి ఉంటే అది ఇంటి ఆడవారి చేతిమీదనే నడుస్తుంది. ఇటువంటి ఊళ్ళలో సంఘ సభ్యులతో మాట కలిపితే తరచు వినిపించే మాట, "ఆయ్, మా మామ్మ కాపరానికి వచ్చిన నాటి గొడ్డండీ, దీని సంతతే ఇప్పటికీ కట్టుకొయ్యన ఉంది" అని. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కాని ఆ మామ్మగారి గేదెకూ ఇపుడున్న దానికీ నడుమ ఎన్ని తరాలు గడిచాయి, ఏ తరంలో ఏ దున్న దాటింది, పాలు పెరుగుతూ వచ్చాయా తగ్గుతూ వచ్చాయా అంటే చెప్పగలవారు లేరు. ఇంటి పేరు నిలిచింది, లెక్క నిలవలేదు.

నేతపని వారికి ఈ సంగతి సులువుగా బోధపడుతుంది. చీర మంచిదా కాదా అంటే పడుగు ఏ నూలు, పేక ఏ నూలు అని అడుగుతారు గదా. పశువుకు తల్లి పడుగు, తండ్రి పేక. ఒక్క పడుగు పేరు చెప్పి చీర అమ్మజూస్తే ఏ షావుకారూ కొనడు.

చెవిపోగు వేరు, రిజిస్టరు వేరు

ముందుగా ఒక పొరపాటును సరిచేయాలి. ఈ రోజుల్లో పశువుల చెవికి 12 అంకెల పసుపు పోగు వేస్తున్నారు. ఆ అంకెతో పశువు వివరాలు కంప్యూటరులో నమోదవుతాయి. మొదట జాతీయ పాడి అభివృద్ధి మండలి తయారు చేసిన వ్యవస్థలో, 2023 నుంచి భారత్ పశుధన్ అనే దానిలో ఈ నమోదు జరుగుతున్నది. టీకాకు, బీమాకు, సూది వేసిన వివరం ఎక్కించడానికి ఆ పోగు అవసరమే. అయితే అది పశువుకు గుర్తింపు మాత్రమే, జాతి పత్రం కాదు. ఏ జాతీ కాని గేదెకు కూడ అదే పసుపు పోగు, అవే 12 అంకెలు. బేరగాడు పోగు చూపించి "రిజిస్టరు ముర్రా అండీ" అంటే నమ్మి పది పదిహేను వేలు ఎక్కువ ఇచ్చుకోవద్దు. ఆ అంకె మీద తల్లి అంకె, తండ్రి అంకె, పాల లెక్క ఎక్కి ఉన్నాయా అని పశువైద్యశాలలో అడిగి తెలుసుకోండి. అవి ఉంటే ఆ పోగుకు విలువ. లేకపోతే అది సినిమా హాలు సైకిలు స్టాండులో ఇచ్చే బిళ్ళ వంటిది.

అసలు రిజిస్టరు అనేది మరొకటి. మన దేశంలో కేంద్ర ప్రభుత్వపు మంద నమోదు పథకం కింద రోహ్తక్, అహ్మదాబాదు, అజ్మీరు, మన ఒంగోలులలో యూనిట్లు ఏర్పడ్డాయి. ఆవులలో గిర్, కాంక్రేజ్, హర్యానా, ఒంగోలు జాతులు, గేదెలలో ముర్రా, జాఫరాబాది, మెహసానా, సూర్తి జాతులు దాని కిందికి వచ్చాయి. రైతు ఇంటికి వచ్చి పశువు లక్షణాలు చూసి, ఈత పొడుగునా పాలు తూచి, ఆ జాతికి నిర్ణయించిన కనీసపు హద్దు దాటితేనే పుస్తకంలో ఎక్కించడం ఈ పద్ధతి. అంటే రూపు ఒక్కటే చాలదు, పాలు ఒక్కటే చాలవు, రెండూ ఉండాలి.

జెర్సీ దీవి చెప్పే సంగతి

జెర్సీ అంటే మనకు ఆవు పేరు. నిజానికది ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ నడుమ సముద్రంలో ఉన్న ఒక దీవి. మొత్తం విస్తీర్ణం 120 చదరపు కిలోమీటర్లకు లోపే. మన కోనసీమలో ఒక మూలకు సరిపోతుంది. ఆ రోజుల్లో అక్కడి రైతులు పెద్ద భూస్వాములు కారు. చిన్న చిన్న కమతాలు, కొద్దిపాటి ఆవులు ఉండేవి. 1789లో బయటి పశువులు దీవిలోకి రాకుండ కట్టడి చేసుకున్నారు. 1866లో మంద పుస్తకం మొదలు పెట్టారు. ఇంటింటి ఆవూ తల్లిదండ్రుల పేర్లతో అందులో ఎక్కింది. తండ్రి రాసిన పేజీ కిందనే కొడుకు, ఆ కింద మనుమడు రాస్తూ వచ్చారు. బయటి దేశాల జెర్సీ వీర్యాన్ని ఆ దీవిలోకి అనుమతించింది 2008లోనే. అంటే రెండు వందల ఏళ్ళకు పైగా తమ పశువులను తమలోనే చూసుకుని, ఏది మంచిదో ఏది కాదో కాగితం మీద తేల్చుకుంటూ వచ్చారన్న మాట. ఇవాళ మన రాష్ట్రంలో జెర్సీ సంకర ఆవు లేని మండలం లేదు. అక్కడి చిన్న రైతులు పుస్తకం రాశారు కనుకనే ఏ గిత్త కూతుళ్ళు ఎక్కువ వెన్న ఇస్తాయో తెలిసింది, తెలిసింది గనుకనే ఆ రక్తం ప్రపంచమంతా వెళ్ళింది.

కొందరు సభ్యులు "పెద్ద ఫారాలకు గాని మనకెందుకండీ ఇవన్నీ" అంటారు. వారికి జెర్సీ దీవియే జవాబు.

మన గిత్త, వారి పుస్తకం

జెర్సీ సంగతి పరాయిది అనుకుంటే మన సొంత పశువు కథ ఒకటి ఉన్నది. అది కొంచెం బాధ కలిగించే కథ.

గుండ్లకమ్మ పరిసరాల ఒంగోలు పశువు దేశంలో పేరుపడినది. ఆ రైతులు జాతిని తరతరాలుగా కాపాడిన తీరు సామాన్యమైనది కాదు. మంచి కోడెను ఏరి దేవుని పేర అచ్చువేసి ఊరికి వదిలేవారు. దానిని ఎవరూ కొట్టరు, ఎవరి చేలో మేసినా అడ్డు పెట్టరు. ఊరందరి ఆవులకూ అదే తండ్రి. 1936లో లిటిల్‌వుడ్ అనే ఆయన దక్షిణ భారత పశుసంపద మీద రాసిన గ్రంథంలో ఒంగోలు జాతికి ప్రత్యేక స్థానం ఉన్నది. ఇంత ఉన్నా మన రైతు ఇంట వంశం కాగితం మీద లేదు, పెద్దల నోటిలో ఉన్నది.

1868లో ఇంగ్లండుకు పోతున్న ఓడలోని ఒక ఒంగోలు జంటను బ్రెజిల్ దేశపు సాల్వడోర్ రేవులో అమ్మారు. 1878లో మనోయెల్ లెంగ్రూబెర్ అనే బ్రెజిల్ రైతు జర్మనీలోని హాంబర్గు జంతుశాలలో మన పశువులను చూసి ముచ్చటపడి ఒక జంటను కొని రియో ప్రాంతంలోని తన పొలానికి తీసుకుపోయాడు. వాటి పేర్లు వారి రికార్డులలో హానోమెట్, గౌకొండ అని ఉన్నాయి. మన చెవికి హనుమంతు, గోలకొండ అన్నట్టే వినిపిస్తాయి. ఆ కుటుంబం ఆ సంతతిని ఇతర మందలతో కలవనీయకుండ కొడుకులు, మనుమలు, మునిమనుమల దాక నడిపింది. నేటికీ అక్కడ లెంగ్రూబెర్ వంశం అంటే నెలోరు పశువులలో ఒక ప్రత్యేక శాఖ. నెలోరు అన్నది మన నెల్లూరు పేరే. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడక ముందు ఆ పశువులు పుట్టిన ప్రాంతంలో చాలా భాగం నెల్లూరు, గుంటూరు జిల్లాలలో ఉండేది.

1919లో ఉబెరాబా అనే పట్టణంలో వారు మంద పుస్తకం ప్రారంభించారు. 1938 నుంచి అక్కడి వ్యవసాయ శాఖ గుర్తింపుతో వంశ నమోదు జరుగుతున్నది. నమోదైన పశువుకు ఆ సంఘపు ముద్ర పడుతుంది. ఆ ముద్రను వారు పీత గుర్తు అంటారు. పీతలు మనకూ కొత్త కాదు గాని, మన పశువు మీద పీత గుర్తు పరదేశంలో పడింది.

ఆ తరువాత 1960ల మొదట్లో అక్కడి నుంచి రైతులు మళ్ళీ మన దేశం వచ్చి ఏరి ఏరి పశువులను కొన్నారు. తండ్రి నాటి నుంచి ఈ పశువులనే పెంచుతున్న కుటుంబానికి చెందిన తోరెస్ ఒమెం రొద్రిగెస్ ద కూన్యా అనే ఆయన ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరున్న గిత్తను తీసుకుపోయాడు. పశువులను ముందు సముద్రం నడుమ ఫెర్నాండో ద నొరోన్యా దీవిలో ఉంచి, రోగాలు లేవని తేలిన తరువాత లోపలికి తీసుకున్నారు. ఆ గిత్త పేరు వారి పుస్తకంలో కర్వాడి. నేటి బ్రెజిల్ నెలోరు వంశావళులు తిరగేస్తే చాలా వాటిలో ఏదో ఒక మెట్టున ఆ పేరు తగులుతుంది. 2023లో వియాతినా-19 అనే నెలోరు ఆవులో మూడోవంతు వాటాను వేలం వేస్తే, ఆ ధరను బట్టి మొత్తం ఆవు విలువ 40 లక్షల డాలర్లకు పైగా తేలింది. అంత ధర ఆ ఆవు తెలుపుకో మూపురానికో ఇచ్చినది కాదు. దాని వెనుక పది తరాల కాగితానికి ఇచ్చినది.

అక్కడ నెలోరును ముఖ్యంగా మాంసం కోసం పెంచుతారు. ఆ ప్రయోజనంతో మనకు పని లేదు. కాని అదే దేశంలో గుజరాతు గిర్ ఆవును పాల లెక్కలు రాసి రాసి పాడి పశువుగా తీర్చుకున్నారు కూడ. పుస్తకం దేనికి రాస్తే పశువు అటు నడుస్తుంది. మనం పాలకు రాయాలి.

కరవది గిత్త తల్లి మన ఊళ్ళో ఎన్ని పాలిచ్చింది, దాని తోబుట్టువులు ఏమయ్యాయి అన్నది మనం చెప్పుకోలేకపోవడం, దాని మునిమనుమల లెక్క పరదేశం వారు అంకెతో సహా చెప్పగలగడం, ఈ రెంటి మధ్య తేడా పశువులో లేదు. అదే పశువు గదా!

నోటిలెక్క ఎక్కడ తెగుతుంది

ఇంటి మంద సంతతి మరచిపోవడానికి రైతు అశ్రద్ధ ఒక్కటే కారణం కాదు. మన బ్రతుకు తీరులోనే అది తెగే చోట్లున్నాయి.

మొదటిది అన్నదమ్ముల పంపకం. పొలానికి దస్తావేజు ఉంటుంది, చెట్టు చెట్టుకు లెక్క ఉంటుంది. గొడ్లను మాత్రం "నీకు రెండు, నాకు రెండు" అని తోలుకుపోతారు. తల్లి ఒక సావిట్లో, కూతురు మరో సావిట్లో. రెండేళ్ళు గడిచేసరికి ఏది దేని బిడ్డో ఎవరికీ గుర్తుండదు. రెండవది పెళ్ళి. ఆడపిల్లకు పసుపు కుంకుమల కింద పాడిగొడ్డును ఇచ్చి పంపడం మన పెద్దల ఆచారం. చాలా మంచి ఆచారం. పశువు అత్తవారింటికి చేరుతుంది, దాని చరిత్ర పుట్టింట్లో ఉండిపోతుంది. మూడవది మేపుకు ఇవ్వడం. పడ్డను ఒకరు కొంటారు, మరొకరు మేపుతారు, ఈనిన తరువాత ధర కట్టి చెరిసగం చేసుకుంటారు. ధర కట్టే నాడు తల్లి పాల లెక్క ఉంటే మేపినవాడికే న్యాయం జరుగుతుంది. లేకపోతే ఒడ్డూ పొడుగూ చూసి ఏదో ఒకటి అనుకుంటారు.

ఇక నాలుగవది మన చేతిలో లేనిది. 1986 ఆగస్టు గోదావరి వరదను లంకల్లో ఉన్నవారు మరువలేదు. 1996 నవంబరు 6 తుఫానులో కోనసీమ కొబ్బరితోటలతో పాటు పాకలూ గొడ్లూ ఎన్ని పోయాయో అనుభవించిన ఇళ్ళకే తెలుసు. అటువంటి దెబ్బ తరువాత రైతు దొరికిన చోట దొరికిన పశువును తెచ్చుకుంటాడు. తప్పులేదు, పిల్లలకు పాలు కావాలి. అయితే ఆ ఒక్క రాత్రితో ఇంటి సంతతి ఆగిపోతుంది, కొత్తగా వచ్చిన దాని వెనుక ఏమీ ఉండదు. అటువంటపుడు కొన్న రోజునే కొత్త పేజీ మొదలు పెట్టాలి. ముప్ఫై ఏళ్ళలో గేదెలకు ఆరేడు తరాలు తిరుగుతాయి. తుఫాను తరువాత రాయడం మొదలు పెట్టిన ఇల్లు ఏదైనా ఉంటే దానికి ఈ రోజు ఆరు తరాల వంశపత్రం చేతిలో ఉంటుంది.

ఇంటి పుస్తకం రాసే తీరు

దీనికి అచ్చువేసిన ఫారాలు అక్కరలేదు. గట్టి అట్ట ఉన్న రెండు వందల పేజీల నోటుపుస్తకం చాలు. ఒక్కొక్క ఆడ పశువుకు రెండు పేజీలు కేటాయించండి. పై భాగాన పేరు, చెవి అంకె, పుట్టిన తేదీ, తల్లి పేరు లేక అంకె, తండ్రి అంకె. పోగు ఊడిపోయి కొత్తది వేయించితే పాత అంకె కొట్టివేయకుండ పక్కన కొత్తది రాయండి. గేదెలు నల్లగా ఒకలాగే ఉంటాయి కనుక నుదుట చుక్క, తోక కుచ్చు రంగు, కొమ్ము మెలి, కంటి రంగు వంటి గుర్తులు రెండు మూడు తప్పక రాయాలి. ఫోటో తీసి అంటిస్తే మరీ మేలు.

దాని కింద ఎదకు వచ్చిన తేదీ, సూది వేయించిన తేదీ, చూడి నిలిచినట్టు పరీక్షలో తేలిన తేదీ, ఈనిన తేదీ, దూడ ఆడదో మగదో, పాలు వట్టిపోయిన తేదీ. పొదుగు వాపు, మాయ వేయకపోవడం వంటివి వస్తే ఒక్క ముక్క. అంతే. చదువుకున్న పిల్ల ఇంట్లో ఉంటే ఈ పని ఆమెకు అప్పగించండి, పాలు పితికే తల్లి చెబుతుంటే రాస్తుంది. నేను తనిఖీ చేసిన సంఘాలలో చక్కగా ఉంచిన ఇంటి లెక్కలు చూసింది బహు కొద్ది. అవి కూడ ఆడవారి చేతిరాతలే.

తండ్రి అంకె దగ్గరనే అందరూ ఆగిపోతారు. సూది వేసే గోపాలమిత్ర లేక పశువైద్య సిబ్బంది వాడే గడ్డకట్టిన వీర్యం పావు మిల్లీలీటరు పట్టే సన్నని గొట్టంలో వస్తుంది. ఆ గొట్టం మీద కేంద్రం పేరు, జాతి, గిత్త లేక దున్న నెంబరు, తయారైన తేదీ అచ్చువేసి ఉంటాయి. పని అయిన తరువాత దానిని పారవేస్తారు. పారవేయకముందు "బాబూ, ఆ నెంబరు ఒక్కసారి చదువు" అని అడగండి. ఎవరూ కాదనరు. అడిగే అలవాటు లేక మన పశువుల తండ్రుల పేర్లు చెత్తబుట్టలో పోతున్నాయి.

రాసిన తండ్రి నిజంగా తండ్రేనా అని సరిచూసుకునే ఉపాయం కూడ ఆ పేజీలోనే ఉన్నది. గేదెకు చూడి కాలం సుమారు 310 రోజులు, ఆవుకు 280. గేదెకు జనవరి 1న సూది వేయించితే నవంబరు 7 ప్రాంతాన ఈనాలి. నాలుగైదు రోజులు అటూ ఇటూ కావచ్చు. ఎద 21 రోజులకు ఒకసారి వస్తుంది గనుక, నవంబరు 28 ప్రాంతాన ఈనితే ఆ సూది నిలవలేదని, తరువాతి ఎదలో తోటలో తిరిగే దున్న దాటిందని అర్థం. అక్టోబరు 17 ప్రాంతాన నిండు దూడ పుడితే సూదికి ముందు ఎదలోనే చూడి కట్టిందన్న మాట. ఇటువంటి చోట తండ్రి అంకె కొట్టివేసి "తెలియదు" అని రాయాలి. అబద్ధం రాసిన పుస్తకం కన్న ఖాళీ ఉన్న పుస్తకం మంచిది.

పాలు తూచే రోజు

సంఘానికి పోసే పాల పుస్తకం ఉన్నది గదా, మళ్ళీ ఇంకొకటి ఎందుకు అంటారు. సంఘం పుస్తకం ఇల్లు పోసిన పాలు చెబుతుంది, గేదె ఇచ్చిన పాలు చెప్పదు. ఇంట్లో వాడినవి, దూడ తాగినవి, రెండు గేదెల పాలు కలిపినవి దానిలో తేలవు. కనుక నెలకు ఒక రోజు నిర్ణయించుకుని, ఆ రోజు రెండు పూటలా ఒక్కొక్క పశువు పాలు విడివిడిగా తూచండి. కొలత కన్న తూకం నయం. నురుగుతో కొలత మోసం చేస్తుంది. లీటరు పాలు సుమారు కిలో ముప్ఫై గ్రాములు తూగుతాయి. దూడకు ఒక చన్ను వదులుతుంటే ఆ సంగతి పక్కన రాయండి. ఆ రోజు తూకాన్ని 30తో హెచ్చవేస్తే ఆ నెల పాలు వస్తాయి. ఇటువంటి పది నెలలు కలిపితే ఈత పాలు. ప్రపంచమంతటా లెక్కకు తీసుకునే 305 రోజుల ఈతకు ఇది చాలా దగ్గరగా ఉంటుంది.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఒక ఇంట్లో రెండు గేదెలున్నాయనుకోండి. మొదటిది నెలనెలా తూచితే రోజుకు 7, 8.5, 8, 7.5, 7, 6, 5, 4, 3, 2 కిలోలు. కూడితే 58. ముప్ఫైతో హెచ్చవేస్తే 1740 కిలోలు. రెండవది ఈనగానే 11 కిలోలు, తరువాత 10, 8, 6, 4, 2.5, ఆపైన వట్టిపోయింది. కూడితే 41.5. అంటే 1245 కిలోలు. ఊళ్ళో పేరు ఏ గేదెకు వస్తుంది? రెండవదానికే. "పూటకు అయిదున్నర ఇచ్చిందండీ" అని చెప్పుకుంటారు. సంతలో ధర కూడ దానికే ఎక్కువ పలుకుతుంది. బేరగాడు ఈనిన పదిహేనో రోజున చూపించి అమ్ముతాడు గాని ఆరో నెలలో చూపించడు.

ఇంతటితో లెక్క అయిపోలేదు. మొదటి గేదె 14 నెలలకు ఒకసారి ఈనుతుంది, రెండవది 18 నెలలకు అనుకుందాం. ఈతకూ ఈతకూ మధ్యనున్న మొత్తం రోజుల మీద పాలను పంచితే మొదటిదానికి రోజుకు నాలుగు కిలోల పైచిలుకు పడుతుంది, రెండవదానికి రెండు కిలోల మూడు వందల గ్రాములు. మేత మాత్రం రెండూ ప్రతి రోజూ తిన్నాయి. వరిగడ్డి, తవుడు, తెలగపిండి ధరలు ఇవాళ ఎలా ఉన్నాయో సభ్యులకు నేను చెప్పనక్కరలేదు. ఈ రెండింటిలో ఏ గేదె పడ్డను ఇంట ఉంచుకోవాలి? పుస్తకం లేని ఇంట్లో రెండవదాని పడ్డను ఉంచుకుని, మొదటిదాని పడ్డను పిల్లవాని ఫీజుకో, ఇంటి రిపేరుకో అమ్మివేస్తారు. అవసరానికి అమ్ముకోవడం తప్పనిసరి అయినా ఏది అమ్మాలో తెలిసి అమ్మడం వేరు. మంచి సంతతి కోనసీమ ఇళ్ళలో నుంచి ఇలాగే ఒక్కొక్క పడ్డగా జారిపోతున్నది.

వెన్న శాతం కూడ రాయాలి. తూచే రోజున ప్రతి గేదెదీ వేరే సీసాలో నమూనా తెచ్చి పరీక్ష చేయించమని కార్యదర్శిని అడగండి. నెలకొకసారి రెండు సీసాలు అదనంగా పరీక్షించడం సంఘానికి పెద్ద భారం కాదు. అయితే కేంద్రం దగ్గర రద్దీ తగ్గిన తరువాత తేవాలి, వరుసలో నిలబడినవారికి చిరాకు కలిగించరాదు.

రక్తం దగ్గరైతే

పుస్తకం వల్ల మరొక ముఖ్య ప్రయోజనం. ఊరిలో ఒకే దున్న నాలుగేళ్ళు తిరిగితే తన కూతుళ్ళనే దాటుతుంది. తండ్రి కూతురును దాటగా పుట్టిన దూడలో రక్త సామీప్యం రూపాయిలో నాలుగణాలు. ఒకే తండ్రి బిడ్డలు కలిస్తే రెండణాలు. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఒకే పూర్వీకుని లోపం వచ్చి కలుసుకునే అవకాశం అంత పెరుగుతుందన్న మాట. దూడలు బలహీనంగా పుట్టడం, పడ్డలు ఆలస్యంగా ఎదకు రావడం, పాలు తగ్గడం దీని ఫలితాలు. సూది వేయించినంత మాత్రాన ఈ ప్రమాదం తప్పదు. అదే నెంబరు దున్న వీర్యం తల్లికీ కూతురుకూ వేస్తే పాత కథే. పుస్తకంలో తండ్రి నెంబరు ఉంటే "ఇది దీని తండ్రిదే బాబూ, వేరే నెంబరు చూడు" అని చెప్పగలుగుతాము. ఊళ్ళో దున్నను ఉంచుకున్న సంఘాలు మూడేళ్ళు దాటక ముందే దూరపు ఊరి సంఘంతో మార్చుకోవాలి.

ఇపుడు ఎనభై తొంభై పాళ్ళు ఆడదూడలే పుట్టించే వీర్యం కూడ వచ్చింది. మగదూడల బెడద తగ్గుతుందని అందరూ సంతోషిస్తున్నారు. అయితే అది పాలు తక్కువ ఇచ్చే గేదెకు వేయించితే పాలు తక్కువ ఇచ్చే పడ్డలే ఎక్కువ పుడతాయి. అదనపు ఖర్చు ఏ గేదె మీద పెట్టాలో మళ్ళీ పుస్తకమే చెప్పాలి.

రక్తపరీక్షతోనే జాతి చెప్పేస్తారట, ఇక పుస్తకాలెందుకు అని ఒక యువ సభ్యుడు అడిగాడు. మంచి ప్రశ్న. 2024 అక్టోబరులో మన దేశపు ఆవులకు గౌ చిప్ అని, గేదెలకు మహిష్ చిప్ అని జన్యు పరీక్ష సాధనాలు విడుదలయ్యాయి. దూడగా ఉండగానే దాని గుణాన్ని అంచనా వేయడానికి అవి పనికివస్తాయి. కాని ఆ అంచనా ఎక్కడినుంచి వస్తుంది? వేలాది పశువుల జన్యువులను వాటి ఈతల పాల లెక్కతో పోల్చిచూస్తేనే వస్తుంది. కోనసీమ మేతలో, మన ఉక్కలో, మన తోటల నీడలో ఏ గేదె నిలిచి పాలిచ్చిందో రాసినవాడు లేకపోతే ఆ చిప్ హర్యానా గేదె గురించి చెప్పినంత గట్టిగా మన గేదె గురించి చెప్పలేదు.

సంఘం చేయదగినది

ఇంటి పుస్తకం ఒక్కటే ఉంటే వరదకు తడుస్తుంది, చెదలు తింటుంది, పంపకాల్లో పోతుంది. కనుక ప్రతి సంఘం ఒక పెద్ద రిజిస్టరు తెరిచి, ఏడాదికి ఒకసారి సభ్యుల ఇంటి పుస్తకాల నుంచి పశువు అంకె, తల్లి అంకె, తండ్రి అంకె, ఈత పాలు, వెన్న శాతం అనే అయిదు కాలాలు ఎక్కించుకోవాలి. సర్వసభ్య సమావేశానికి ముందు నెల ఈ పనికి అనువుగా ఉంటుంది. సభ్యుడు పశువును అమ్మినపుడు కార్యదర్శి ఆ పేజీకి నకలు రాసి సంతకం చేసి ఇస్తే కొన్నవానికి నమ్మకం, అమ్మినవానికి ధర. పెళ్ళిలో ఇచ్చిన గొడ్డుతో కూడ ఆ నకలు పంపవచ్చు, అత్తవారి ఊరి సంఘంలో అక్కడినుంచి రాసుకుంటారు.

అన్నదమ్ములు వేరుపడిన ఇళ్ళలో పుస్తకం ఎవరి దగ్గర ఉండాలన్న తగాదా రావచ్చు. అసలు పుస్తకం తల్లి పశువు ఎవరి వాటాకు వచ్చిందో వారి దగ్గర ఉంచి, మిగిలినవారికి సంఘం నకలు ఇవ్వడం సబబు. రిజిస్టరును కేంద్రంలో తడి తగిలే చోట, పాల డబ్బాల పక్కన పెట్టకుండ, ఆడిట్ కాగితాలు ఉంచే బీరువాలో పై అరన ఉంచాలి. వరద వచ్చే లంక ఊళ్ళ సంఘాలు రెండవ ప్రతిని గట్టు మీది సంఘంలో ఉంచుకోవచ్చు. ఈ ఏడు మొదటిసారి ఈనే పడ్డలతో మొదలు పెడితే పని తేలిక. పాత గేదెల వెనుకటి చరిత్ర కోసం వెదుకుతూ కూర్చోనక్కరలేదు.